రెండు చేతుల రూలు

మగపిల్లల జిమ్నాస్టిక్స్ అంటే దుబాయ్‌లో సగం మందికి సర్కసు, మిగతా సగానికి బాడీబిల్డింగు. రెండూ కాదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుంటూ రావడంతోనే కృష్ణవేణికి నాలుగేళ్ళు గడిచిపోయాయి. దేరాలో ఓ కార్గో కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం. అది ముగిశాక కాలేజీల మగపిల్లల జిమ్నాస్టిక్స్ కాన్ఫరెన్సుకి, అంటే జట్ల లీగుకి, జీతం లేని కార్యదర్శి పని. పోటీ రోజున హైబార్ అనే ఎత్తైన అడ్డకడ్డీ ముందు జడ్జి కుర్చీ. పైగా కొడుకు కౌశిక్ ఆ పోటీల్లోనే దుబాయ్ కాలేజీ జట్టు తరఫున ఆడతాడు. తల్లి జడ్జీ, కొడుకు ఆటగాడూనా, ఇదేం న్యాయం అని మొదట్లో షార్జా వాళ్ళు గొణిగారు. ఆట తెలిసిన జడ్జి ఇంకెవరైనా ఉంటే పట్టుకురండి అనేసరికి మళ్ళీ నోరెత్తలేదు.

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా కాలేజీ హాలుకి వచ్చి, గోడవార బెంచీ మీద కూర్చుని, శనివారం పోటీకి ఏ పరికరం దగ్గర ఏ జడ్జి కూర్చోవాలో రాసుకుంటోంది. కౌశిక్ తోలుగుర్రం మీద ఉన్నాడు. రెండు పిడులున్న ఆ గుర్రం మీద చేతులు మార్చుకుంటూ కాళ్ళు రెండూ కలిపి గుండ్రంగా తిప్పాలి. ఒంటి బరువంతా మణికట్ల మీదే. బాగానే తిప్పుతున్నవాడు మధ్యలో దిగిపోయాడు. పడలేదు, అరవలేదు. కుడిచెయ్యి ఒక్కసారి విదిలించి, చేతులు జారకుండా రాసుకునే చాక్‌పొడి డబ్బా దగ్గరికి వెళ్ళి ఎడమచేత్తో చాక్ తీసుకున్నాడు.

ఎడమచేత్తో ఎందుకు తీసుకున్నాడా అని ఆమె పెన్ను ఆగింది.

కోచ్ అమీర్ జాన్ పెషావర్ మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన వచ్చి కౌశిక్ మణికట్టుని బొటనవేలి మొదట్లో రెండు వేళ్ళతో నొక్కాడు. వాడి మొహంలో ఏమీ మారలేదు గానీ మడమలు రెండూ నేల మీంచి లేచాయి.

"ఏమైందిరా?" అంది దగ్గరికి వచ్చి.

"ఏం లేదులే అమ్మా."

పుట్టి మాటలు వచ్చినప్పటి నుంచీ వాడు ఆమెకి చెప్పిన జవాబుల్లో సగం ఇదే.

మర్నాడు కరామాలో మలయాళీ డాక్టరమ్మ స్కానింగు బొమ్మని వెలుతురుకి పెట్టి, పెన్ను మొనతో ఓ చిన్న ఎముకని చూపించింది. జీడిపప్పంత ఉంది. దాని నడుమ వెంట్రుకంత గీత.

"దీనికి రక్తం ఒకవైపు నుంచే వస్తుంది. లాగుడు పడి ఇది కాస్త జరిగిందా, ఇక అతుక్కోదు. ఆరు వారాలు పట్టీ తియ్యకూడదు. వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయంటున్నాడు, వాపు నరాన్ని నొక్కుతోంది. బరువు ఎత్తకూడదు, దేన్నీ పట్టుకుని లాగకూడదు."

"శనివారం ఒక్కసారి..." అని కృష్ణవేణి ఆగింది. "ఊరికే, రెండు క్షణాలు, వేలాడితే?"

"ఎవరు వేలాడతారు?" అంది డాక్టరమ్మ.

కౌశిక్ గోడ మీద చేతి ఎముకల బొమ్మని చదువుతున్నాడు.

కారులో కూర్చున్నాక గుండె గుభేల్మంటుందని ఎదురుచూసింది. అనలేదు. కొడుకు చెయ్యి విరిగితే తల్లికి ఏడుపు రావాలి కదా అని తనకు తానే గుర్తు చేసుకుంది. అదీ రాలేదు. లోపల అంతా చల్లగా, మొద్దుగా ఉంది. ఆ మొద్దుతనంలో ఒక్క లెక్క మాత్రం చక్కగా నడుస్తోంది. జట్టుకి నలుగురుండాలి. మలయాళీ అబ్బాయి ఒకడు, లెబనాన్ అబ్బాయి ఒకడు, ఫిలిప్పీన్ అబ్బాయి ఒకడు. కౌశిక్ లేకపోతే జట్టే లేదు.

జట్టు లేకపోతే కాన్ఫరెన్సూ లేదు. కాలేజీల క్రీడామండలి పెట్టిన షరతు అలాంటిది. వరసగా ఐదేళ్ళు, ఏటా తక్కువలో తక్కువ మూడు జట్లతో పోటీ పూర్తిగా జరిగితేనే కాన్ఫరెన్సుని శాశ్వతం చేస్తారు. అప్పుడు హాలు ఉంటుంది, కోచ్ ఉంటాడు, వచ్చే ఏడు కొత్త పిల్లలూ ఉంటారు. ఇది ఐదో ఏడు. మిగిలిన జట్లు సరిగ్గా మూడు, దుబాయ్, షార్జా, అల్ ఐన్. ఒక్కటి తగ్గినా ఖలాస్. హాల్లో అద్దాల గోడలు పెట్టి, టెన్నిస్ లాంటి పాడెల్ ఆటకి కోర్టులు కట్టిస్తానని స్పోర్ట్స్ ముదీర్, అంటే కాలేజీ క్రీడల డైరెక్టరు, ఎండాకాలంలోనే చెప్పేశాడు. ఊళ్ళో ఇప్పుడు ఎవర్ని కదిపినా పాడెలే.

సాయంత్రం పార్కింగులో అమీర్ జాన్ ఆమె కారు అద్దం దగ్గర వంగాడు.

"ఆడక్కర్లేదు మేడమ్. సిర్ఫ్ హాజరీ."

వాళ్ళ కాన్ఫరెన్సులో అదో మర్యాద. దెబ్బ తగిలిన ఆటగాడు జట్టు లెక్కలోంచి పోకుండా ఉండాలంటే, తన వంతు వచ్చినప్పుడు పరికరం ముందుకి వచ్చి నిలబడాలి. జడ్జి పచ్చజెండా ఎత్తుతుంది. అతను చెయ్యెత్తి సలాం చేసి, పరికరాన్ని తాకి వెనక్కి వెళ్ళిపోతాడు. మార్కు సున్నా. కానీ మనిషి హాజరైనట్టే, జట్టు నిలిచినట్టే. పిల్లలు దాన్ని హాజరీ వేయడం అంటారు.

"తాకడం వరకైతే పర్లేదు భాయ్. రింగులూ, హైబారూ?"

అమీర్ జాన్ కారు కప్పు మీద వేళ్ళతో తట్టాడు. "రూల్ తో ఆప్ హీ కా హై మేడమ్."

ఆమెదే. ఆమెదీ, కాన్ఫరెన్సుని మొదలుపెట్టిన దక్షిణామూర్తి మాస్టారిదీ. రెండో ఏడు ఓ జట్టు మనిషి తక్కువై, హాస్టల్లో ఫుట్‌బాల్ ఆడుకునే కుర్రాణ్ణి పట్టుకొచ్చి, ఆరు పరికరాల్నీ చూపుడువేలితో తాకించి తీసుకుపోయింది. అది చూసి ఇద్దరికీ ఒళ్ళు మండిపోయింది. కూర్చుని రూలు రాశారు. రింగుల మీదా హైబార్ మీదా రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు నేలకి ఆనకుండా, జడ్జి తల ఊపేదాకా వేలాడితేనే హాజరు. మూడో ఏడు అజ్మాన్ కుర్రాడొకడు వేలు విరిగి, హైబార్‌ని ఒంటిచేత్తో పట్టుకుని వేలాడాడు. జడ్జి కుర్చీలో ఉన్నది కృష్ణవేణే. తల ఊపలేదు. అజ్మాన్ జట్టు ఆ రోజు లెక్కలోంచి పోయింది, మరుసటి ఏడు కాన్ఫరెన్సులోంచే పోయింది.

"సరే. రెండు చేతులతోనే," అంది కృష్ణవేణి.

ఆ రాత్రి భోజనాల దగ్గర కౌశిక్ ఎడమచేత్తో చెంచా పట్టుకుని పెరుగన్నం తింటున్నాడు. చెంచా నోటి దాకా వెళ్ళేలోపు సగం పళ్ళెంలోనే పడుతోంది. ఆమె ఆవకాయ ముక్కని విడదీసి, టెంక తీసేసి, పళ్ళెం చివర పెట్టింది.

"శనివారం హాజరు వేస్తావా నాన్నా? ఆడక్కర్లేదు. ఊరికే హాజరే."

"రింగ్స్ కూడానా?"

"రెండు క్షణాలు. అమీర్ భాయ్ ఎత్తి పట్టుకుంటారు."

కౌశిక్ పళ్ళెం వంక చూశాడు. "సరేలే అమ్మా."

వాడు గదిలోకి వెళ్ళాక ఆమె భర్త వేణుగోపాలరావు చెయ్యి కడుక్కొచ్చాడు. అబుదాబీలో ఇంజనీరు. పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం, కొడుకుతో మాటలన్నీ సెలవు రోజుకి దాచుకోవడం అలవాటైపోయింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి," అన్నాడు తువ్వాలు వెతుకుతూ. "హాయిగా అందరి పిల్లల్లా క్రికెట్‌లో వేసుంటే ఈ గోలుండేది కాదు. వాణ్ణి అడిగావా అసలు?"

"అడిగాను. సరే అన్నాడు."

"వాడు దేనికి సరే అనలేదో చెప్పు ఒకటి."

ఆమె పళ్ళేలు ఒకదానిలో ఒకటి పెట్టి సింకు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మాట వినపడింది. ఎక్కడా తగల్లేదు.

గురువారం దుబాయ్ శివారున ఇంటర్నేషనల్ సిటీకి వెళ్ళింది. దక్షిణామూర్తి మాస్టారి ఫ్లాటు నిండా అట్టపెట్టెలు. కాకినాడ మనిషి. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి ఇండియన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక ఊరుకోలేక కాలేజీల చుట్టూ తిరిగి ఈ కాన్ఫరెన్సుని నిలబెట్టాడు. ఇప్పుడు వీసా అయిపోతోంది, వచ్చే వారం ప్రయాణం. పోటీ అయ్యాక వేసే సావనీరులో కాన్ఫరెన్సు చరిత్ర ఓ పేజీ వేయాలని ఆయన కోరిక. ఆయన చెబుతుంటే ఆమె లాప్‌టాప్‌లో ఎక్కిస్తోంది.

"రాయమ్మాయ్. కరోనా తగ్గీ తగ్గకుండానే, రెండువేల ఇరవై ఒకటి చివర్లో, ఐదు కాలేజీలతో మొదలైంది... మాస్కుల సంగతి కూడా రాయి. రింగుల మీద తలకిందులైతే మాస్కొచ్చి కళ్ళ మీద కూర్చునేది వెధవలకి. కళ్ళు కనపడక దిగాల్సిన చోటు కాకుండా నా ఒళ్ళో దిగాడొకడు."

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోవడం ఆమెకే తెలిసింది.

"మూడో ఏడు అజ్మాన్ సంగతి ఎలా రాయమంటారు మాస్టారూ?"

"అజ్మాన్ జట్టు తప్పుకుంది. అంతే."

"తప్పుకోలేదుగా. మనమే తప్పించాం."

"అన్నీ ఏకరువు పెడతామేంటమ్మా? అవతల వాళ్ళకీ బాగోదు, మనకీ బాగోదు. తప్పుకుంది అను చాలు."

ఆమె అలాగే టైపు కొట్టింది. తరువాత కౌశిక్ చెయ్యి సంగతి చెప్పింది. డాక్టరు అన్న మాటలన్నీ వరసగా, ఆఫీసులో రాని సరుకు గురించి చెప్పినట్టు చెప్పింది. మాస్టారు టీ కప్పు కింద పెట్టేశాడు. కాసేపు కిటికీలోంచి ఎదురు బిల్డింగు బాల్కనీల్లో ఆరేసిన కంపెనీ యూనిఫారాల వంక చూశాడు.

"నీ కొడుకు కోసం రూలు సడలిస్తే బావుండదమ్మాయ్. ఆ అజ్మాన్ కుర్రాడు ఈ దేశంలోనే ఉన్నాడింకా. మొన్న లులూ మార్కెట్లో కనపడ్డాడు. పలకరించాడు పాపం."

"సడలించమని అడగట్లేదు. వాడు వేలాడతాడు."

"అయితే ఇంకేం," అన్నాడు మాస్టారు. ఆయన గొంతు తేలికపడింది. "ఎంతసేపులే. రెండు క్షణాలు. అదొక్కటీ చూసుకుని నేను విమానం ఎక్కేస్తాను. ఎక్కడున్నా, నేను పెట్టినదొకటి అక్కడ ఉందిలే అనుకుంటూ బతికేస్తాను."

ఆయన ఆశ ఆమెకు తెలుసు. తన ఆశ కూడా అదే. నాలుగేళ్ళు ఆఫీసు పని ముగించుకుని వచ్చి, గుంటూరు రైల్వే స్కూల్లో తను వదిలేసిన ఆటని ఈ హాల్లో మళ్ళీ పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆమెది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ హాలొక్కటే. అది పోతే మళ్ళీ దేరా ఆఫీసూ, కుక్కరూ. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నుంచీ హాల్లో పరికరాలు బిగిస్తున్నారు. హాలు పనులు చూసే పర్శరాములు జగిత్యాల పక్క పల్లెవాడు, లేబర్ క్యాంపులో ఉంటాడు. హైబార్ స్తంభాల నుంచి నేలలోని కొక్కేలకి ఇనుప తాళ్ళు లాగి, మర తిప్పి బిగిస్తున్నాడు. తాడుని బొటనవేలితో మీటి, విని, మళ్ళీ పావు చుట్టు తిప్పుతున్నాడు. నేల మీద అప్పటికే నీలం టేపు గీతలు పడి ఉన్నాయి. పాడెల్ కాంట్రాక్టరు మనుషులు ముందే వచ్చి కొలిచి వెళ్ళారు.

"సోమవారం అద్దాలోళ్ళు వస్తరంట మేడం," అన్నాడు పర్శరాములు. "రేపు మనం గెలిస్తే రారంట గదా?"

"గెలవక్కర్లేదు పర్శరాములూ. అందరూ హాజరైతే చాలు."

"గంతేనా? అయితే అయితది తియ్యిండ్రి." తాడు బిగించి లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు. "గని బాబు చెయ్యి బాగా వాసింది మేడం. పట్టీ ఎందుకు తీసిండు?"

"గ్రిప్ సరిపోతుందో లేదో చూసుకుంటున్నాడు."

గ్రిప్ అంటే అరచేతికి అడ్డంగా ఉండే తోలు పట్టీ. పై అంచులోని రంధ్రాల్లోంచి వేళ్ళు దూర్చి, కింద మణికట్టు చుట్టూ బకిల్ బిగించాలి. బకిల్ సరిగ్గా ఆ జీడిపప్పంత ఎముక మీదే కూర్చుంటుంది. కౌశిక్ ఎడమచేతి వేళ్ళతో దాన్ని ఎక్కించడానికి చూస్తూ, జారిపోతుంటే మళ్ళీ మొదలుపెడుతున్నాడు. కృష్ణవేణి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వాచిన చోట దూది పరిచి, బకిల్‌ని ఎప్పుడూ పెట్టుకునే రంధ్రానికి కాక పక్క రంధ్రానికి పెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"పెద్దగా ఏం తెలీట్లేదు."

తెలియకపోవడం మంచిదే అనుకుంది. ఆ అనుకోవడం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి తనకే చిత్రమనిపించింది. లేచి జడ్జిల కుర్చీలు సర్దడానికి వెళ్ళింది.

శనివారం హాలు నిండలేదు. ఎప్పుడూ నిండదు. తల్లిదండ్రులు కొందరు, హాస్టల్ పిల్లలు కొందరు. ముందు వరసలో శాలువా కప్పుకుని దక్షిణామూర్తి మాస్టారు. ఆయన పక్కన తెల్లటి అరబ్బు అంగీ, కందూరాలో స్పోర్ట్స్ ముదీర్, చేతిలో ఫోను. వేణుగోపాలరావు రాలేదు. సైటులో పనుందన్నాడు. ఉందో లేదో ఆమె అడగలేదు.

మూడు జట్లూ ఒకేసారి వేర్వేరు పరికరాల దగ్గర మొదలుపెట్టి వరసగా మారతాయి. దుబాయ్ జట్టుకి మొదట చాప మీద చేసే ఫ్లోర్ వచ్చింది. ముగ్గురు పిల్లలూ తిరిగి, గెంతి, చెమటతో వచ్చారు. కౌశిక్ చాప అంచున నిలబడి సలాం చేసి, చాప మీద ఒక అడుగు వేసి, వెనక్కి వచ్చాడు. ఎవరో ఒకరు చప్పట్లు కొట్టి, ఇక కొట్టాలో వద్దో తెలియక ఆపేశారు. తోలుగుర్రం దగ్గర రెండు అరచేతులూ పిడుల మీద ఆనించి వచ్చాడు. మాస్టారు ఆమె వంక చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు.

మూడో వరస రింగులు. ఆ వరసలో ఏ జట్టుకీ హైబార్ లేదు. కృష్ణవేణికి పనేమీ లేదు. మార్కుల చీటీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అమీర్ జాన్ కౌశిక్ నడుం పట్టుకుని పైకి ఎత్తాడు. వాడు ఎడమచేత్తో ఒక రింగు పట్టుకుని, కుడిచేతిని రెండో రింగు మీద పెట్టాడు. అమీర్ జాన్ వదిలి పక్కకి జరిగాడు. ఒళ్ళు నిలువుగా సాగింది. రింగుల దగ్గర జడ్జి షార్జా కోచ్. ఆయన చీటీ మీద పేరు సరిచూసుకుంటున్నాడు. కావాలని చేసింది కాదు, పెన్ను రాయకపోతే విదిలించి మళ్ళీ రాశాడు. అప్పుడు తలెత్తి చూశాడు, చూసి ఊపాడు. అంతసేపూ కౌశిక్ వేలాడుతూనే ఉన్నాడు. మొహం గోడలా ఉంది. మెడ మీద ఒక నరం మాత్రం తాడులా లేచింది.

అమీర్ జాన్ మళ్ళీ నడుం పట్టుకున్నాడు. ఎడమచెయ్యి రింగుని వదిలేసింది. కుడిచెయ్యి వదల్లేదు. వదలమని వాడు చెబుతున్నా అది వినడం లేదని చూస్తే తెలుస్తోంది. కోచ్ ఒక చేత్తో వాణ్ణి మోస్తూ, రెండో చేత్తో ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా రింగు మీంచి ఊడదీశాడు.

కృష్ణవేణి ఇదంతా చూసింది. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఇంకొక్కటే, హైబార్ ఒక్కటే అనుకుంది. మిగతా రెండూ ఊరికే తాకడమే కదా అనుకుంది.

ఆ రెండూ అయిపోయాయి. మీదుగా గెంతే వాల్టింగ్ టేబుల్‌నీ, రెండు సమాంతర బార్లనీ తాకి వచ్చాడు. షార్జా జట్టు ఆరూ ముగించింది. అల్ ఐన్ జట్టు కూడా ముగించి నేల మీద కూలబడి నీళ్ళు తాగుతోంది. మిగిలింది దుబాయ్ జట్టు, హైబార్. మొదట మలయాళీ అబ్బాయి, తరువాత లెబనాన్ అబ్బాయి, ఆ తరువాత ఫిలిప్పీన్ అబ్బాయి. ముగ్గురికీ ఆమె జెండా ఎత్తింది, తప్పులు గుర్తుపెట్టింది, మార్కులు వేసింది. చెయ్యి తడబడలేదు. ఫిలిప్పీన్ అబ్బాయి గాల్లో రెండుసార్లు తిరిగి చాప మీద అతికినట్టు దిగాడు. హాలంతా ఒక్కసారి అరిచింది.

ఆ అరుపు ఆగాక కౌశిక్ ముందుకొచ్చాడు.

బార్ కింద నిలబడ్డాడు. అమీర్ జాన్ వెనక నిలబడి ఎత్తడానికి సిద్ధంగా ఉన్నాడు. గ్రిప్‌లో వేళ్ళ మొదట్లో అడ్డంగా ఒక సన్నటి కర్ర కుట్టి ఉంటుంది. బార్‌ని పట్టుకుంటే వేళ్ళు దాని మీదుగా వంగాలి. కౌశిక్ కుడిచేతి వేళ్ళు వంగలేదు. వాడు కుడిచేతిని పొట్టకి ఆనించి, ఎడమచేత్తో చూపుడువేలిని వంచాడు. తరువాత నడిమివేలిని వంచాడు. నడిమివేలు వంచేసరికి చూపుడువేలు మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ దాన్ని వంచాడు. విసుగు లేదు, తొందర లేదు. ఎవరిదో చేతిని, తనకి అప్పగించారు కాబట్టి సర్దుతున్నట్టు సర్దుతున్నాడు. నాలుగు వేళ్ళూ వంచడం అయ్యాక ఆమె వంక చూశాడు.

జెండా కోసం చూశాడు. ఆ చూపులో ఎత్తమనీ లేదు, వద్దనీ లేదు. జెండా ఎత్తితే వెళ్ళి వేలాడతాడు, అంతే. రెండు చేతులతోనే వేలాడతాడు. రూలు తప్పడు.

బార్ ఎత్తులో ఆమెకు ఆ అజ్మాన్ కుర్రాడు కనిపించాడు. వాడు కూడా ఇలాగే చూశాడు, ఆమె తల ఊపు కోసం. ఆ రోజు ఊపి ఉంటే అజ్మాన్ ఉండేది. అజ్మాన్ ఉంటే నాలుగు జట్లుండేవి. నాలుగు జట్లుంటే ఈ రోజు కౌశిక్ ఇంట్లో పట్టీ వేసుకుని పడుకునేవాడు. ఇంత చిన్న లెక్క బుధవారం నుంచీ తనకు తట్టలేదు.

"మేడమ్, ఫ్లాగ్," అన్నాడు అమీర్ జాన్.

పచ్చజెండా ఆమె ఒళ్ళో ఉంది. కర్ర పట్టుకునే ఉంది. చెయ్యి లేవలేదు. లేపకూడదని గట్టిగా ఏమీ అనుకోలేదు. లేపలేదు, అంతే.

"మేడమ్, యల్లా."

మాస్టారు కుర్చీలో ముందుకి వంగాడు. ముదీర్ ఫోను మీంచి కళ్ళెత్తాడు. పర్శరాములు చాప అంచున చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. కృష్ణవేణి జెండాని కర్ర చుట్టూ చుట్టి, కుర్చీ కింద పెట్టింది. కౌశిక్ చీటీ తీసి, మార్కు వేయాల్సిన చోట అడ్డంగా గీత గీసింది.

"హైబార్ అయిపోయింది. ఖలాస్," అంది.

అమీర్ జాన్ కాసేపు ఆమెనే చూశాడు. తరువాత కౌశిక్ భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకుపోయాడు. ఆయన వీసా ఆ కాలేజీదే, కోచ్ పని పోతే అదీ పోతుంది.

ముదీర్ లేచి అందరికీ షుక్రన్ చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన మర్యాదస్తుడు, నవ్వలేదు. షార్జా వాళ్ళకీ అల్ ఐన్ వాళ్ళకీ ఏం జరిగిందో అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. ఎవరు గెలిచారో ఎవరూ అడగలేదు.

దక్షిణామూర్తి మాస్టారు మెల్లగా ఆమె కుర్చీ దాకా వచ్చాడు.

"ఏం చేశావమ్మాయ్!" అన్నాడు. కోప్పడదామని వచ్చినవాడిలా లేడు. దారి మధ్యలో కోపం ఎక్కడో పడిపోయినవాడిలా ఉన్నాడు. "ఇంకొక్కటే కదమ్మా. ఒక్కటే కదా."

"చరిత్రలో కాన్ఫరెన్సు ఆగిపోయిందని రాయొద్దు మాస్టారూ. నేను ఆపానని రాద్దాం. అజ్మాన్ తప్పుకోలేదు, మనం తప్పించామని కూడా."

మాస్టారు శాలువా సర్దుకున్నాడు. "ఇంకెవరు చదువుతారమ్మా దాన్ని?" అన్నాడు. "నీ దగ్గరే ఉందిగా. నీ ఇష్టం." ఆమె నెత్తి మీద ఓసారి చెయ్యి పెట్టి, తీసి, తలుపు వైపు నడిచాడు.

పర్శరాములు అప్పుడే తాళ్ళు వదులు చేయడం మొదలుపెట్టాడు. మర తిప్పిన కొద్దీ హైబార్ స్తంభాలు కొద్దికొద్దిగా ఒరుగుతున్నాయి. చాపలు చుట్టిన చోటల్లా నీలం టేపు గీతలు బయటపడుతున్నాయి.

కౌశిక్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, గ్రిప్‌లు ఇంకా చేతులకే ఉన్నాయి. కృష్ణవేణి వాడి ముందు నేల మీద కూర్చుంది. కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుని, బకిల్ విప్పి, తోలు రంధ్రాల్లోంచి వేళ్ళు ఒక్కొక్కటిగా బయటికి తీసింది. మణికట్టు మీద బకిల్ అచ్చు పడింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. లోపల ఇన్ని రోజులుగా గడ్డకట్టినది ఇప్పుడు కాస్త కదిలినట్టనిపించింది ఆమెకు. హాలు పోయింది. పోనీ. కొడుకుని కాపాడుకున్నాను అనుకుంది. చివరికైనా తల్లి చేయాల్సిన పని చేశాను అనుకుంది. వాడు కూడా ఏదో ఒకటి అంటాడని, అనకపోయినా వాడి మొహం చూస్తే తెలుస్తుందని తలెత్తింది.

"తెలుస్తోందా?" అంది చూపుడువేలు నొక్కి.

"లేదు."

"ఇది?"

"లేదు."

వాడు హాలుకి అవతల, పర్శరాములు ఇంకా విప్పని రింగుల వంక చూస్తున్నాడు. గాలికి అవి కొంచెం కొంచెం ఊగుతున్నాయి.

"రింగ్స్ అప్పుడు నువ్వు ఖాళీగానే కూర్చున్నావు కదమ్మా," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. టైమెంతయిందని అడిగినట్టే అడిగాడు.

"అవును," అంది కృష్ణవేణి. వాడి చెయ్యి ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది.